బేకరీ సప్లైకి సెకండ్ హ్యాండ్ వ్యాన్: ఈకోనా, టాటా ఏస్సా? ఏం చూసి కొనాలి?

ముందు ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. జడ్చర్లలో చిన్న బేకరీ యూనిట్. బన్ను, రస్కు, ఎగ్ పఫ్, దిల్‌పసంద్ చేసి ఒకవైపు మిడ్జిల్ మీదుగా కల్వకుర్తి దాకా, ఇంకోవైపు మహబూబ్‌నగర్ దాకా కిరాణా షాపులకు, టీ కొట్లకు వేస్తున్నారు. ఇన్నాళ్ళూ కిరాయి ఆటో పెట్టుకున్నారు, నెలకు 18 వేలు దానికే పోతున్నాయి. మూడు లక్షల్లో సొంత బండి తీసుకుందామని రెండు చూసి పెట్టుకున్నారు. ఒకటి 2016 మారుతి ఈకో, ఐదు సీట్లది, వైట్ బోర్డు (సొంత వాడకానికి రిజిస్టరైన బండి), మీటర్ మీద 85 వేలు, 2.85 లక్షలు అడుగుతున్నారు. రెండోది 2014 టాటా ఏస్, లక్షా తొంభై. ఏది మంచిది, ఏం చూసుకోవాలి, వైట్ బోర్డు అయితే ఏమన్నా ఇబ్బందా అని అడిగారు.

రెండూ వద్దు. అదే డబ్బుకి ఎల్లో బోర్డు, అంటే సరుకు మోయడానికే రిజిస్టరైన ఈకో కార్గో వెతకండి. 2017 నుంచి 2019 మధ్య మోడల్, పెట్రోల్, ఒకే ఓనర్ తిప్పింది అయితే మంచిది. ఉన్న మూడు లక్షలూ బండికే పెట్టకండి. రెండు లక్షల అరవైకి బేరం తెంపి, మిగిలిన 40 వేలు బండి ఇంటికొచ్చిన మొదటి నెలకి అట్టిపెట్టుకోండి. బడ్జెట్‌లో దొరక్కపోతే ఒక ఏడాది పాత మోడల్‌కి దిగండి గానీ కాగితాల దగ్గర మాత్రం దిగకండి.

నేనెవరో చెప్పాలి కదా. నల్లగొండలో బిస్కెట్లు, సబ్బులు, చిప్స్ ఏజెన్సీ నడుపుతున్నా, పద్దెనిమిదేళ్ళయింది. దేవరకొండ లైన్, హాలియా లైన్, మునుగోడు లైన్, నకిరేకల్ లైన్. ఇప్పటిదాకా ఆరు బండ్లు కొన్నా, రెండు ఓమ్నీలు, మూడు ఈకోలు, ఒక టాటా ఏస్. కొత్తది ఒక్కటీ లేదు, అన్నీ సెకండ్ హ్యాండే. అందులో రెండింటి దగ్గర బాగా దెబ్బతిన్నా, ఆ రెండూ కింద చెప్తా.

మొదట వైట్ బోర్డు సంగతి. చాలామంది "మన సొంత సరుకే కదా, కిరాయికి తిప్పట్లేదు కదా" అంటారు. నేనూ అలాగే అనుకున్నా. 2015లో ఒక ఐదు సీట్ల ఈకో తీసుకుని, వెనక సీటు విప్పి ఇంట్లో అటక మీద పెట్టి, రెండేళ్ళు హాయిగా తిప్పా. ఆర్టీఏ వాళ్ళు రెండుసార్లు ఆపి ఫైన్ వేశారు, కట్టేసి వచ్చా, అంతే కదా అనుకున్నా. తర్వాత ఒక రాత్రి నకిరేకల్ నుంచి వస్తుంటే వెనక లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీకి మా డ్రైవర్ గుద్దాడు. దేవుడి దయ, మనిషికి ఏం కాలేదు, బండి ముందు భాగం మాత్రం లోపలికి పోయింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. సర్వేయర్ వచ్చి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో వెనక నిండా బిస్కెట్ కార్టన్లు. క్లెయిమ్ రిజెక్ట్. 62 వేలు నా జేబులోంచి పోయాయి.

కంపెనీని తిట్టుకున్నా గానీ తర్వాత పాలసీ తీసి చదివితే తప్పు నాదే. ప్రైవేటు కారు పాలసీలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కిరాయికి వాడినా, శాంపిల్స్, సొంత లగేజీ కాకుండా సరుకు మోసినా కవర్ కాదని. సొంత సరుకా, పక్కవాడి సరుకా అన్న తేడా అక్కడ లేదు. చట్టం ప్రకారం కూడా సరుకు మోయడానికి వాడుతుంటే అది గూడ్స్ బండి కిందే లెక్క. సీట్లు విప్పడం ఇంకో తప్పు, ఆర్‌సీలో ఉన్నట్టు బండి ఉండాలి, మార్చాలంటే ముందే ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి. మీకు 2.85కి ఈకో చెబుతున్నాయన కూడా "సీటు విప్పేసుకోండి, ఎవడు చూస్తాడు" అనే ఉంటాడు. ట్రాక్టర్‌కి గుద్దిన రోజు సర్వేయర్ చూస్తాడు.

ఎల్లో బోర్డు అంటే జనాలకి లేనిపోని భయం ఒకటి ఉంది, పర్మిట్ కావాలి, బ్యాడ్జి డ్రైవర్ కావాలి, అదొక పెద్ద టెన్షన్ అని. అంత లేదు. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. ఈకో కార్గో అయినా, టాటా ఏస్ అయినా ఆ లోపే. డ్రైవింగ్ లైసెన్స్ విషయం కూడా 2017లో ఒకసారి, మళ్ళీ 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం ద్వారా సుప్రీంకోర్టు తేల్చేసింది. మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉన్నవాళ్ళు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చు. కాబట్టి మీ దగ్గర ఇప్పుడున్న కుర్రాడికి కారు లైసెన్స్ ఉంటే చాలు. ఎల్లో బోర్డుకి అదనంగా ఉండేది ఫిట్‌నెస్. బండికి ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. ఇన్సూరెన్స్ కూడా కాస్త ఎక్కువే. అయినా క్లెయిమ్ వచ్చే ఇన్సూరెన్స్‌కి కట్టడం వేరు, రానిదానికి కట్టడం వేరు.

ఇక టాటా ఏస్. బండిని తప్పు పట్టను. 2005లో అది వచ్చాకే మన దగ్గర చిన్న వ్యాపారం చేసేవాళ్ళకి నాలుగు చక్రాలు అందాయి. 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్, ముప్పావు టన్ను వేసినా గొణుక్కుంటూ పోతుంది. బియ్యం బస్తాలు, సిమెంటు, వాటర్ క్యాన్లు, గ్యాస్ పొయ్యిలు, ఇలాంటి వాటికి దాన్ని మించింది లేదు, మిర్యాలగూడ మిల్లుల దగ్గర చూడండి ఎన్ని తిరుగుతుంటాయో. కానీ మీ సరుకు బరువైంది కాదు, చోటు తినేది. పైగా నలిగేది. ఏస్ వెనక కమాన్ పట్టీలు ఖాళీగా ఉన్నప్పుడు, తక్కువ లోడు ఉన్నప్పుడు ఎగరేస్తాయి. మిడ్జిల్ దాటాక ఊళ్ళ లోపలికి వెళ్ళే రోడ్ల మీద పఫ్‌లు పొడి పొడి అయిపోతాయి. పైన టార్పాలిన్ కడితే దుమ్ము ఆగదు, వానాకాలం బన్ను తడుస్తుంది. క్లోజ్డ్ బాడీ కట్టిద్దామంటే దానికి విడిగా ఖర్చు, మళ్ళీ ఆర్‌సీలో ఎక్కించాలి. పైగా 2014 బండి అంటే ఏటా ఫిట్‌నెస్, డీజిల్ పంప్ పనో, నాజిల్ పనో వస్తే ఒక్కసారికే బాగా వదులుతుంది. నా ఏస్ నాలుగేళ్ళు వాడి అమ్మేశా. చిప్స్ పాకెట్లు మోయడానికి ఏనుగు ఎందుకని మా బావమరిది ఎప్పుడూ అనేవాడు, నిజమే.

ఓమ్నీ గురించి ఎవరైనా సలహా ఇస్తారేమో. దాని తయారీ 2019లోనే ఆగిపోయింది. పార్టులు ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, మెకానిక్కులకి కళ్ళు మూసుకున్నా పని వచ్చు, నిజమే, కానీ రోజూ 90 కిలోమీటర్లు లోడుతో తిరిగే పనికి ఆ 796 సీసీ ఇంజన్ ఇప్పుడు వద్దు. ఊళ్ళోనే తిరిగే కర్రీ పాయింట్‌కి, పాల పాకెట్లకి సరిపోతుంది.

ఇప్పుడు ఈకో కార్గో ఎలా చూడాలో చెప్తా. అందరూ మొదట ఇంజన్ స్టార్ట్ చేసి వింటారు. నా వరస వేరు. ముందు కాగితాలు, తర్వాత బండి కింద, ఆఖర్న ఇంజన్. ఎందుకంటే ఇంజన్ పాడైతే డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. కుళ్ళిన ఫ్లోర్‌ని బాగు చేయించడం కష్టం. పాడైన కాగితాన్ని సరిచేయడం అయితే మన చేతిలోనే ఉండదు.

కాగితం కథ నాది ఒకటి వినండి. 2011లో పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఓమ్నీ తీసుకున్నా. ఆర్‌సీ మీద ఫైనాన్స్ హెచ్‌పీ, అంటే బండి మీద లోన్ ఉందన్న రాత, అలాగే ఉంది. "లోన్ ఎప్పుడో అయిపోయింది సార్, ఎన్‌ఓసీ రెండ్రోజుల్లో తెప్పిస్తాం" అన్నారు. మొత్తం డబ్బు ఇచ్చేశా. లోన్ అయిపోయిన మాట నిజమే, కానీ ఆ ఫైనాన్స్ వాళ్ళు నల్లగొండ బ్రాంచి ఎత్తేశారు. మొదటి ఓనర్ బండి అమ్మేసి రెండేళ్ళయింది, ఆయన ఫోన్ ఎత్తడు. నడుమ ఇంకొకాయన బండి కొని తన పేరు మీదకి మార్చుకోకుండానే అమ్మేశాడు. నేను హైదరాబాద్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఎనిమిది నెలలకి బండి నా పేరు మీదకి తెచ్చుకున్నా. ఆ ఎనిమిది నెలలూ రోడ్డు మీద ఎవరైనా చెయ్యి ఊపితే గుండె దడే.

అందుకే ఇప్పుడు నా పద్ధతి ఇది. ఆర్‌సీ మీద పేరున్న మనిషి నా ఎదురుగా కూర్చోవాలి. కన్సల్టెన్సీ అయినా, బ్రోకర్ అయినా, వాళ్ళ కమిషన్ వాళ్ళు తీసుకోనివ్వండి, ఓనర్ మాత్రం రావాలి. ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఇచ్చిన బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అమ్మేవాళ్ళు ఇచ్చే ఫారం 29, ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 30, హెచ్‌పీ ఉంటే ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీతో పాటు ఫారం 35. హెచ్‌పీ తీయించాకే మిగతా డబ్బు. ఎన్‌ఓసీ మీద తేదీ కూడా చూడండి, పాతబడితే మళ్ళీ తెమ్మంటారు. ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ట్యాక్స్ కట్టి ఉందా, ఇన్సూరెన్స్ నడుస్తోందా అనేది వాళ్ళు చూపించే జిరాక్సులో కాదు, రవాణా శాఖ సైట్‌లో మీరే నంబర్ కొట్టి చూసుకోండి. ఈ-చలాన్లు కూడా అంతే. ఒక బండి మీద పదకొండు చలాన్లు చూశా నేను, ఓనర్‌కే తెలియదు, అన్నీ డ్రైవర్ పుణ్యం.

చేసిస్ నంబర్ ఆర్‌సీతో సరిపోల్చండి, ఒక్కో అంకె. ఊరికే చూడటం కాదు, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి, ఆర్టీఏ దగ్గర ఏజెంట్లు తీస్తారు చూడండి, అలా. గీతలు గీసినట్టు, గ్రైండర్ పెట్టినట్టు అనిపిస్తే అక్కడి నుంచి లేచి రండి, టీ కూడా తాగకండి.

నంబర్ ప్లేట్ ముందు అక్షరాలు కూడా ఒక మాట చెబుతాయి. టీఎస్ 06, టీజీ 06 అంటే మీ మహబూబ్‌నగర్, 05 మా నల్లగొండ, 31 నాగర్‌కర్నూల్, 33 గద్వాల. పాత ఏపీ 22, ఏపీ 24 ఉన్నా అవి మనవే, రాష్ట్రం విడిపోక ముందు రిజిస్ట్రేషన్లు, కాకపోతే అంత పాత బండి మీకు వద్దు. మీకు రాయచూరు దగ్గర కాబట్టి కేఏ 36 బండ్లు తక్కువ రేటుకి వస్తుంటాయి. ఆశపడకండి. వేరే రాష్ట్రం బండికి అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్, ఇవన్నీ కూడుకుంటే తగ్గిన రేటు కాస్తా వాటికే పోతుంది.

కాగితాలు బాగుంటేనే బండి దగ్గరికి. అప్పుడు కూడా ఇంజన్ కాదు. మ్యాట్ ఎత్తండి.

మూడేళ్ళ కింద సూర్యాపేట వైపు ఒక ఈకో చూడ్డానికి పోయా. పైన పెయింట్ అద్దంలా మెరుస్తోంది. లోపల కొత్త రెగ్జిన్ మ్యాట్ వేశారు, అంచులకి గమ్ ఇంకా వాసన వస్తోంది. సెకండ్ హ్యాండ్ బండికి అమ్మే ముందు కొత్త మ్యాట్ ఎవరు వేస్తారు? మూల పట్టి లాగా. కింద రేకు మీద అట్టముక్కలు పరిచారు, అవి తడిగా ఉన్నాయి. జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూ డ్రైవర్ ఉంటుంది, దాంతో వెనక చక్రం పైన ఉండే రేకుని పొడిచా. లోపలికి దిగిపోయింది, కిందకి చూస్తే నేల కనిపించింది. అడిగితే వాటర్ ప్లాంట్ ఆయన బండి అట, ఐదేళ్ళు క్యాన్లు మోసింది. మన దగ్గర సముద్రం లేదు కదా తుప్పు ఎందుకు పడుతుందనుకుంటారు, వాటర్ క్యాన్లు, చేపలు, పాల క్యాన్లు మోసిన బండ్లకి సముద్రం లోపలే ఉంటుంది. జారుడు తలుపు కింది పట్టీ, తలుపు రోలర్లు నడిచే గాడి, వెనక డోర్ కింది అంచు, చక్రాల పైన గూళ్ళు, ఈ నాలుగు చోట్లా వేలితో నొక్కి, గోటితో కొట్టి చూడండి. రేకు ఉన్నచోట టంగుమంటుంది, పుట్టీ ఉన్నచోట మట్టిని కొట్టినట్టు ఉంటుంది.

మీది తినే సరుకు కాబట్టి ఇంకో పని చెయ్యండి, మామూలుగా ఎవరూ చెయ్యరు. బండిని ఎండలో పెట్టి, తలుపులు, అద్దాలు మూసి పావుగంట ఆగండి. తర్వాత వెనక డోర్ తీసి తల లోపల పెట్టి గట్టిగా వాసన చూడండి. మన జిల్లాల్లో పత్తి ఎక్కువ, పురుగుమందుల షాపుల వాళ్ళు ఈకోలే వాడతారు. ఆ వాసన రేకులో, తలుపు లైనింగ్‌లో దిగిపోతే కడిగినా పోదు. సబ్బులు, బిస్కెట్లు ఒకే బండిలో వేసినందుకే నాకు షాపుల నుంచి సరుకు వాపసు వచ్చింది, పురుగుమందు అయితే ఇక చెప్పేదేముంది. బ్రెడ్డు పక్కన ఏముంటే ఆ వాసన పట్టేస్తుంది, మీకు నాకన్నా బాగా తెలుసు.

వరదలో మునిగిన బండ్లు కూడా తిరుగుతుంటాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో ఖమ్మం, కోదాడ వైపు ఎన్ని బండ్లు నీళ్ళలో ఉన్నాయో టీవీలో చూశాం. సీట్ బెల్టు మొత్తం చివరిదాకా లాగి చూడండి. పైన ఎంత కడిగినా ఆ చివరి మూర దగ్గర బురద గీత ఉండిపోతుంది.

ఇప్పుడు ఇంజన్. ఈకోకి ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది, రేడియేటర్ ముందు భాగంలో. నడుమ పైపులు. అందుకే దీని ప్రాణం కూలింగ్ మీద ఉంది. మన ఎండలు తెలిసినవే, మన నీళ్ళు కూడా తెలిసినవే. కూలెంట్ కొనడం దండగని బోరు నీళ్ళు పోస్తూ పోతారు. ఫ్లోరైడ్, ఉప్పు, సున్నం, అన్నీ ఉన్న నీళ్ళు, నల్లగొండ, పాలమూరులో ఇంట్లో గీజర్ రాడ్డుకి ఎలా తెల్లగా పొక్కు కడుతుందో రేడియేటర్ లోపలా అంతే. నీళ్ళు తిరగవు, ఇంజన్ వేడెక్కుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు మాత్రమే రేడియేటర్ మూత తియ్యండి, వేడిగా ఉంటే మొహం కాలుతుంది. లోపల పచ్చగానో, నీలంగానో కూలెంట్ ఉంటే ఓనర్ శ్రద్ధ ఉన్నవాడు. తుప్పు నీళ్ళు, మూతకి తెల్ల పొక్కు ఉంటే ఖర్చు ఉంది. ఇంజన్ ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూడండి, మజ్జిగ మీగడలా తెల్లగా అంటుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయేమో అని అనుమానించి, మెకానిక్ తేల్చేదాకా బేరం ఆపండి.

చల్లటి ఇంజన్ మీదే స్టార్ట్ చేయించాలి. ఉదయాన్నే వస్తానని చెప్పి, చెప్పిన టైం కన్నా అరగంట ముందే వెళ్ళండి. మిర్యాలగూడలో ఒకాయన ఏడింటికి రమ్మంటే ఆరున్నరకే వెళ్ళా. బండి ఇంటి ముందు కదలకుండా ఉంది, పైన మంచు బొట్లు కూడా ఉన్నాయి. సీటు కింద చెయ్యి పెడితే కాలుతోంది. "పొద్దున్నే ఎక్కడికి పోయొచ్చారన్నా" అని అడిగితే "పాలకి" అన్నాడు. పాల పాకెట్ షాపు ఆయన ఇంటి పక్కనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి సతాయించే బండిని అలా ముందే వేడి చేసి పెడతారు. స్టార్ట్ అవ్వగానే సైలెన్సర్ చూడండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోంది, ఇంజన్ పనికి దగ్గర్లో ఉంది. చలికాలం పొద్దున కాస్త తెల్ల ఆవిరి వచ్చి ఆగిపోతే పర్లేదు.

తర్వాత తోలి చూడటం. ఖాళీ బండి తోలితే ఏం తెలుస్తుంది? మీ సరుకో, నాలుగు బస్తాలో వేసుకుని తోలండి, ఒప్పుకోకపోతే మనుషుల్ని ఎక్కించుకోండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ సౌండ్ పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. ఈకో వెనక చక్రాలతో నడిచే బండి, కింద పొడుగ్గా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు కింద "టక్" మంటే క్రాస్ (షాఫ్ట్ కీలు) అరిగింది, అది చిన్న ఖర్చు. అరవై మీద వెనక నుంచి "ఊఁ" అని ఒకటే మోత వస్తే డిఫరెన్షియల్ (వెనక ఇరుసు గేర్లు) పోయినట్టు, అది చిన్న ఖర్చు కాదు. స్టీరింగ్ గట్టిగా ఉందని భయపడకండి, ఆ మోడళ్ళకి పవర్ స్టీరింగ్ లేదు, అలాగే ఉంటుంది.

మీటర్ గురించి. తిప్పడం మన దగ్గర టీ తాగినంత సులభం. కాబట్టి లెక్క వెయ్యండి. మీరు చెప్పిన 2016 ఈకో 85 వేలు అంటున్నారు. తొమ్మిదేళ్ళకి పంచితే ఏడాదికి తొమ్మిదిన్నర వేలు, రోజుకి ముప్పై కిలోమీటర్ల లోపే. ఇంట్లో వాడుకున్న బండి అయితే నమ్మొచ్చు. కానీ ఆయన దాంతో బట్టల వ్యాపారం చేశానని కూడా చెప్పాడని రాశారు. వ్యాపారం చేసే బండి రోజుకి ముప్పై లోపే తిరగడం నేను చూడలేదు, నా బండ్లు ఏడాదికి పాతిక వేలు తిరుగుతాయి. క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు చూడండి, నున్నగా అరిగి ఇనుము కనిపిస్తుంటే 85 వేలు కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించి ఉంటే బండి నంబర్ చెబితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకి వచ్చిందో రికార్డు ఉంటుంది, ఓనర్‌ని పక్కన పెట్టుకుని అడగండి. కార్గో బండి అయితే లక్షన్నర తిరిగినా నాకు భయం లేదు, నిజం చెబితే చాలు. ఈ 1.2 లీటర్ ఇంజన్ ఆయిల్ టైంకి మార్చుకుంటూ వస్తే రెండు లక్షలు దాటి కూడా నడుస్తుంది, నా దగ్గర ఒకటి నడుస్తోంది.

టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడులు ఎంత లోతున్నా ఆరేళ్ళు దాటిన టైరు మే నెలలో ఎన్‌హెచ్ 44 మీద లోడుతో ఉన్నప్పుడు నమ్మలేం. నాలుగు టైర్ల డబ్బు బేరంలో తగ్గించండి.

సీఎన్‌జీ కిట్ ఉన్న బండి దొరికితే రెండు అడగండి. కిట్ ఆర్‌సీలో ఎక్కిందా, సిలిండర్‌కి మూడేళ్ళకోసారి చేయాల్సిన హైడ్రో టెస్ట్ అయిందా. ఇంకొకటి మీరే తేల్చుకోవాలి, మీ లైన్‌లో సీఎన్‌జీ బంకు ఎక్కడుంది, అక్కడ పొద్దున్నే పొడుగు క్యూ ఉంటుందా అని. సిలిండర్ వెనక చోటు కూడా తింటుంది, మీ ట్రేలకి అది పెద్ద దెబ్బ. పెట్రోల్‌లో మీకు రోజుకి 90 కిలోమీటర్లంటే, లోడుతో లీటరుకి పద్నాలుగు వేసుకున్నా ఏడొందలు దగ్గరగా అవుతుంది. నెలకి 26 రోజులు తిప్పితే 18 వేలు, అంటే మీరు ఇప్పుడు ఆటోకి ఇచ్చేది పెట్రోల్‌కే పోతుంది! ఇది చూసి వెనక్కి తగ్గకండి, కానీ లెక్క మాత్రం ముందే తెలియాలి. ఆటో వాడు మీకు రోజుకి ఒకే ట్రిప్పు వేస్తున్నాడు, అదీ పది దాటాక. పొద్దున ఐదింటికి టీ కొట్టు తెరిచే టైంకి బన్ను అందితే అమ్మకం ఎంత పెరుగుతుందో దాని మీదే మీ బండి లాభం ఉంది. ఆ పెరుగుదల రాదనుకుంటే ఇంకో ఏడాది ఆటోనే మేలు, మొహమాటం లేకుండా చెబుతున్నా.

ట్రే మాట వచ్చింది కాబట్టి, బండి చూడ్డానికి పోయేటప్పుడు మీ ట్రే ఒకటి వెంట తీసుకెళ్ళండి. జారుడు తలుపులోంచి అడ్డంగా పడుతుందా, నిలువుగానా, ఎన్ని వరసలు, పైన ఎంత ఖాళీ, చక్రాల గూళ్ళ దగ్గర ఎంత పోతుంది, అక్కడే టేపు పెట్టి రాసుకోండి. మా ఫ్రెండ్ ఒకాయన గుడ్ల వ్యాపారానికి బండి కొన్నాక తెలుసుకున్నాడు, ఒక వరసకి రెండంగుళాలు తక్కువైందని. రెండంగుళాల కోసం రోజూ ఒక వరస ఖాళీగా తిరిగాడు. ఎంత బరువు వేయొచ్చో ఆర్‌సీలోనే ఉంటుంది, లోడుతో కలిపి బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే వచ్చేది మీ హక్కు, అందులోనే డ్రైవర్, పక్కన కూర్చునే కుర్రాడు కూడా.

రేటు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్లకి, సరుకు రవాణా బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త ఈకో ధర దిగింది, పాత బండి అమ్మేవాళ్ళు మాత్రం ఇంకా పాత రేట్లే తలలో పెట్టుకుని కూర్చున్నారు. షోరూమ్‌కి పోయి కొత్త కార్గోకి కొటేషన్ తీసుకుని జేబులో పెట్టుకోండి. బేరంలో తిట్టొద్దు, బండిని కించపరచొద్దు, ఆ కాగితం బయటికి తీసి బల్ల మీద పెట్టి, పక్కన టైర్లు ఇంత, క్లచ్ ఇంత, బ్యాటరీ ఇంత అని రాసి చూపించండి. తర్వాత మాట్లాడకుండా కూర్చోండి. మెకానిక్‌ని మీరే తీసుకెళ్ళండి, ఐదొందలో వెయ్యో ఇవ్వండి, అమ్మేవాళ్ళు "మా మెకానిక్ ఉన్నాడు" అంటే నవ్వి ఊరుకోండి.

డబ్బు బ్యాంకు ద్వారానే. అడ్వాన్స్ పదివేలకు మించొద్దు. అగ్రిమెంట్ రాసేటప్పుడు బండి అప్పజెప్పిన తేదీతో పాటు టైం కూడా రాయించండి, ఫలానా రోజు సాయంత్రం నాలుగున్నర దాకా ఉన్న చలాన్లు, కేసులు అమ్మినవారివి, తర్వాత కొన్నవారివి అని. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోండి, థర్డ్ పార్టీ దానంతట అదే మీకు వస్తుంది గానీ మీ బండి డ్యామేజీ క్లెయిమ్ కావాలంటే మార్పు తప్పదు. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, బండితో రాదు, ఆ తేడా మీరు కట్టాలి. పాత ఫాస్టాగ్ ఆయనతో క్లోజ్ చేయించి మీది వేయించుకోండి. నేను ఒకసారి పీకకుండా వదిలేస్తే కొర్లపహాడ్ టోల్‌లో నెలన్నర పాటు పాత ఓనర్ డబ్బులు కట్ అయ్యాయి, ఆయన ఫోన్ చేసి మర్యాదగానే అడిగాడు, నాకే సిగ్గేసింది.

అట్టిపెట్టిన 40 వేలు ఎక్కడ పోతాయంటే, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్, ఫిల్టర్లు, రేడియేటర్ శుభ్రం చేయించి కొత్త కూలెంట్, బ్రేక్ ప్యాడ్లు, షూలు, రెండు టైర్లు, బ్యాటరీ. పెట్రోల్ రబ్బరు పైపులు కూడా మార్పించండి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత మోడళ్ళ పైపులు దానికోసం చేసినవి కావు. మొదటి వారంలోనే ఇవన్నీ చేయించి, తర్వాతే లైన్‌కి పంపండి. పెయింట్, స్టిక్కర్లు, బేకరీ పేరు రాయించడం ఆఖర్న, ఆ పని ముందు పెట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశా.

ఎల్లో బోర్డు కార్గో ఏదైనా తగిలితే మోడల్, ఫిట్‌నెస్ తేదీ, హెచ్‌పీ ఉందా లేదా, వెనక ఫ్లోర్ ఫొటో మ్యాట్ ఎత్తి తీసింది, ఈ నాలుగు పెట్టండి, నంబరు కప్పేసే పెట్టండి. చూసి చెప్తా. శుక్రవారం దేవరకొండ లైన్‌కి నేనే పోతా కాబట్టి ఆ రోజు మాత్రం రాత్రి పది దాటాకే జవాబు వస్తుంది.